కొత్త గోధుమ రకం వార్త రాసేటప్పుడు "దేనికంటే ఎక్కువ?" అని కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో కొత్త గోధుమ రకం గురించి వచ్చిన వార్త చదివాను. పైన పెద్ద అక్షరాల్లో "రికార్డు దిగుబడి" అని ఉంది, లోపలికెళ్తే ఏ రకంతో పోల్చారో లేదు, ఎన్ని చోట్ల వేసి చూశారో లేదు, ఎన్ని సీజన్లు చూశారో అసలే లేదు. సరే అది మామూలే అనుకుని పేజీ తిప్పేవాణ్ణి కానీ చివర్లో ఒక మాట రాశారు, టెస్టింగ్ పేరుతో ఏళ్లకేళ్లు ఆలస్యం చేస్తున్నారు, ఇంత మంచి రకాన్ని వెంటనే రిలీజ్ చేసేయాలి అని. ఆ మాట చూశాక ఊరుకోలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

నేను సైంటిస్టుని కాదు. గోధుమ బ్రీడింగ్ ఫామ్‌లో ఫీల్డ్ స్టాఫ్‌గా చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. క్రాసింగ్ (రెండు రకాల్ని కలపడం) చేసింది, ప్లాట్లు విత్తింది, తెగుళ్ల నోట్స్ రాసింది, కోసి నూర్చి తూకం వేసింది మాలాంటి వాళ్లమే, కాబట్టి ఆ ఆలస్యంలో ఏముంటుందో నాకు చేతులతో తెలుసు. నేను చెప్పేది ఒకటే, కొత్త రకం తయారు చేసే దశలో ఎంత తొందరపడ్డా పర్లేదు, రిలీజ్ అయ్యాక విత్తనం పెంచే దశలో తొందరపడి తీరాలి, కానీ మధ్యలో పరీక్షించే దశ ఉంది చూశారూ, దాన్ని మాత్రం ఎవరి ఒత్తిడికీ తగ్గించకూడదు. మీ వార్తలో ఈ మూడూ కలిసిపోయి ఒకే "ఆలస్యం" అయిపోయాయి.

ముందు తయారీ సంగతి. గోధుమ తన పుప్పొడితో తనే గింజ కట్టుకునే పంట, కాబట్టి రెండు రకాల్ని కలపాలంటే మనం అడ్డుపడాలి. వెన్ను బయటికొచ్చి ఇంకా పూత విచ్చుకోకముందే, ఒక్కో చిన్న పువ్వులోంచి మూడేసి కేసరాల్ని ఫోర్సెప్స్‌తో తీసేయాలి, ఒక్కటి మిగిలినా ఆ పువ్వు పాడైనట్టే, తర్వాత బటర్ పేపర్ కవర్ తొడగాలి, రెండు మూడు రోజులాగి అవతలి రకం పుప్పొడి తెచ్చి చల్లాలి. వచ్చిన గింజ వేస్తే మొదటి తరం, ఎఫ్1 అంటారు, మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి, చూసి మురిసిపోతాం. ఎఫ్2లో అసలు విషయం బయటపడుతుంది, పొడుగువి పొట్టివి, ముందు పండేవి వెనక పండేవి, ముళ్లున్నవి లేనివి, ఏ రెండు మొక్కలూ ఒకేలా ఉండవు. అక్కణ్ణుంచి ఒక్కో తరానికీ లోపలి కలగాపులగం సగానికి సగం తగ్గుతుంది, ఎఫ్2లో 50 శాతం ఉంటే ఎఫ్3లో 25, ఎఫ్4లో 12.5, అలా ఎఫ్6కి వచ్చేసరికి 3 శాతం చిల్లర మిగులుతుంది. అప్పుడే అది రకం అనిపించుకునేంత నిలకడకి వస్తుంది. ఈలోగా తీసి పారేసిన మొక్కలు వేలల్లో ఉంటాయి. ఏడాదికి ఒక పంట చొప్పున లెక్కేసుకుంటే ఇక్కడే ఆరేడేళ్లు పోతాయి.

ఈ ఆరేడేళ్లని తగ్గించొచ్చు, తగ్గించారు కూడా. అమెరికా గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ 1944లో మెక్సికో వెళ్లి అక్కడ చేసిన పని చూడండి. శీతాకాలంలో ఉత్తరాన సోనోరా మైదానంలో పంట తీసి, ఆ గింజనే పట్టుకెళ్లి వేసవిలో వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న టొలుకా కొండ ప్రాంతంలో విత్తాడు, ఏడాదికి రెండు తరాలు. పైవాళ్లు మొదట ఒప్పుకోలేదు, కోసిన గింజకి కొంత విశ్రాంతి ఉండాలని అప్పట్లో నమ్మేవాళ్లు, ఆయన పట్టు వదల్లేదు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించేది ఇంకోటి. ఒక చోట దాదాపు సముద్ర మట్టం, ఇంకోచోట రెండున్నర వేల మీటర్ల ఎత్తు, ఒక చోట ఒక తెగులు, ఇంకోచోట ఇంకో తెగులు, పగటి పొడవు వేరు. రెండు చోట్లా నిలబడ్డ మొక్కల్నే ఉంచుకుంటూ పోయేసరికి, పగటి పొడవుతో పెద్దగా పని లేకుండా ఎక్కడైనా పండే గోధుమలు వచ్చాయి. అంటే ఆయన తొందరలో పరీక్ష తగ్గలేదు, డబుల్ అయింది. జపాన్ పొట్టి రకం నోరిన్ 10 నుంచి వచ్చిన పొట్టి గుణాన్ని ఇందులో కలిపాక 1962లో పిటిక్ 62, పెంజామో 62 వచ్చాయి, ఎరువు ఎక్కువేసినా చేను పడిపోకుండా నిలబడ్డవి అవి. 1970లో ఆయనకి నోబెల్ శాంతి బహుమతి రావడం అందరికీ తెలిసిందే.

ఇప్పుడింకా వేగంగా చేస్తున్నారు. గోధుమ పువ్వు మీద మొక్కజొన్న పుప్పొడి చల్లి, తర్వాత మొక్కజొన్న క్రోమోజోములు వాటంతటవే పోయాక మిగిలిన పిండాన్ని ల్యాబ్‌లో పెంచి, కొల్చిసిన్ అనే మందుతో క్రోమోజోముల్ని రెట్టింపు చేస్తే ఒక్క దెబ్బకి నిలకడైన లైన్, అంటే ఇంకా రకంగా రిలీజ్ కాని వంశం, వచ్చేస్తుంది, డబుల్డ్ హాప్లాయిడ్ అంటారు. రోజుకి 22 గంటలు లైటు కింద పెంచి ఏడాదికి ఆరు తరాల దాకా తీసే పద్ధతి, స్పీడ్ బ్రీడింగ్, 2018లో వివరంగా ప్రచురించారు. మొక్కలో ఏ జన్యువు ఉందో చెప్పే గుర్తులు, జన్యు మార్కర్లు, చూసి చిన్న మొక్కప్పుడే ఏరేయొచ్చు. ఇవన్నీ మంచివే, చేయాల్సిందే. ఈ దశలో ఆలస్యం అంటే నేనూ మీతో కలిసి అరుస్తాను.

కానీ ఏ లైటు కిందా ఐదేళ్ల వాతావరణాన్ని ఒక ఏడాదిలో చూపించలేం సార్. ఎండ, వాన, మంచు, గాలి, ఆ ఏడాదికి వచ్చే తెగులు, ఇవి సీజన్ వచ్చినప్పుడే వస్తాయి. అసలు తకరారు ఇక్కడే.

దిగుబడి అంకె ఎలా పుడుతుందో ఒకసారి చూడండి. ట్రయల్ ప్లాట్ అంటే ఎకరాలు కాదు, చాలాసార్లు ఆరు చదరపు మీటర్లు, ఇంచుమించు రెండు మంచాలు వేసినంత జాగా. అందులో వచ్చిన గింజని తూచి 10,000 చదరపు మీటర్ల హెక్టారుకి లెక్క కడతారు. అంటే ప్లాట్‌లో 300 గ్రాములు అటూ ఇటూ అయితే హెక్టారు లెక్కలో 500 కిలోలు అటూ ఇటూ అవుతుంది. 300 గ్రాములు ఎక్కడ పోతాయంటే పక్షులు తిన్నా పోతాయి, నూర్పిడి మెషీన్ సరిగ్గా ఊడవకపోయినా పోతాయి, పక్క ప్లాట్ గింజ కలిస్తే పెరుగుతాయి కూడా, గింజలో తేమ చూసి సరిచేయకపోతే పొద్దున కోసిన ప్లాటూ మధ్యాహ్నం కోసిన ప్లాటూ వేరే తూకం చూపిస్తాయి. అంచు వరసల సంగతి ఇంకో కథ, దారి పక్కనుండే వరసకి వెలుతురూ నీళ్లూ ఎక్కువ దొరుకుతాయి కాబట్టి పిలకలు దట్టంగా వచ్చి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, విజిటర్లు ఫోటో తీసేది దాన్నే, మేం తూకంలోంచి తీసి పక్కన పెట్టేదీ దాన్నే.

అందుకే ఒకే లైన్‌ని ఒకే పొలంలో మూడు నాలుగు చోట్ల, ఎక్కడ పడుతుందో చీటీ తీసినట్టు ర్యాండమ్‌గా వేస్తారు. ఈ పద్ధతికి పునాది వేసింది గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్, 1919లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో చేరి, 1843 నుంచి అక్కడ గోధుమ పండిస్తూ వస్తున్న బ్రాడ్‌బాక్ పొలం లెక్కలు ముందేసుకుని ఆలోచించాడు, నేల తేడాని రకం తేడా అని పొరపడకుండా ఉండడం ఎలా అని. ట్రయల్ రిపోర్ట్‌లో టేబుల్ కింద "సీడీ" అని ఒక అంకె ఉంటుంది, క్రిటికల్ డిఫరెన్స్. రెండు రకాల మధ్య తేడా ఆ అంకెకంటే తక్కువుంటే ఆ తేడాని నమ్మడానికి లేదని అర్థం. మీ రిపోర్టర్ టేబుల్‌లో పై వరస చూసి హెడ్డింగ్ పెడతాడు, మేం అయితే ముందు కింద వరస చూస్తాం.

దానికంటే ముఖ్యం చెక్ వెరైటీ. కొత్త లైన్ పక్కనే రైతులు ఇప్పటికే నమ్మి వేస్తున్న మంచి రకాన్ని వేయాలి, దానికంటే ఎక్కువ రావాలి, అదీ పరీక్ష. ఎప్పుడో తెగులుకి లొంగిపోయిన పాత రకాన్ని పక్కన పెట్టి దానికంటే ఎక్కువ వచ్చింది అంటే అది పెద్ద గొప్పేం కాదు. ఇంకో చిన్న విషయం చెప్తాను, ఇది రిపోర్టుల్లో కనపడదు. చెక్ రకానికి గోడౌన్‌లో ఎప్పటిదో పాత విత్తనం వాడి కొత్త లైన్‌కి నిన్నటి సీజన్ తాజా విత్తనం వాడితే మొలకలోనే తేడా వచ్చేస్తుంది, ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు, అంకె తనే అబద్ధం చెప్తుంది. అందుకే రెండూ ఒకే సీజన్లో ఒకే చోట పెంచిన విత్తనమై ఉండాలని మా పెద్దాయన ఒకాయన పట్టుబట్టేవాడు, మేం విసుక్కునేవాళ్లం, ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

నా సొంత అనుభవం ఒకటి రాస్తాను. మా దగ్గర ఒక లైన్ ఉండేది, నంబర్ తప్ప పేరు లేదు, దాన్ని క్రాస్ చేసిన రోజు నుంచి నేనే చూసుకున్నాను. మొదటి ఏడాది ట్రయల్‌లో అన్నిటికంటే పైన వచ్చింది, చెక్‌కంటే బాగా పైన, గింజ కూడా మెరుస్తూ ఉండేది. అప్పుడు బయట నుంచి ఒత్తిడి వచ్చింది, ఎవరు ఏమిటి అనేది వద్దు, ఇంకో ఏడాది ఎందుకు దండగ, విత్తనం పెంచడం మొదలెట్టండి అని. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది, నా చేత్తో పుట్టిన లైన్ కదా. పైన ఉన్న బ్రీడర్ ఒప్పుకోలేదు, నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. రెండో ఏడాది కోతకి వారం ముందు ముసురు పట్టింది, మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు పొద్దున ప్లాట్‌కి వెళ్లి చూస్తే పక్కన చెక్ రకం తడిసి నిలబడి ఉంది, నా లైన్ వెన్నుల్లో మాత్రం గింజలు అక్కడికక్కడే మొలకెత్తి పచ్చగా కనపడుతున్నాయి. గింజకి నిద్ర లేదన్నమాట దానికి, పండగానే తడి తగిలితే మొలకే. ఆ పిండికి ఫాలింగ్ నంబర్ టెస్ట్ చేస్తే, అంటే పిండి జావలో ఒక కడ్డీ కిందికి దిగడానికి ఎన్ని సెకండ్లు పడుతుందో చూస్తే, మంచి గోధుమకి 300 సెకండ్లు దాటాల్సింది, ఇది వందకి కూడా రాలేదు, అంటే లోపల పిండిపదార్థం అప్పటికే విరిగిపోయింది, దాంతో రొట్టె చేస్తే లోపల జిగటగా ఉండిపోతుంది. మొదటి ఏడాది వాన పడలేదు కాబట్టి ఆ లోపం మాకు కనపడలేదు, అంతే. ఆ విత్తనం పెంచి పంచేసి ఉంటే, ఆ ముసురు మా ఆరు చదరపు మీటర్ల మీద కాకుండా ఎన్ని వేల మంది చేల మీద పడేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

తెగుళ్ల దగ్గరికి వస్తే ఈ విషయం ఇంకా భయంగా ఉంటుంది. గోధుమకి మూడు తుప్పు తెగుళ్లు, కాండం తుప్పు, ఆకు తుప్పు, పసుపు తుప్పు, వీటి బీజాలు గాలిలో దేశాలు దాటిపోతాయి. రై ధాన్యం నుంచి గోధుమలోకి తెచ్చిన ఎస్‌ఆర్31 అనే జన్యువు ఏళ్ల తరబడి కాండం తుప్పుని ఆపింది, అందుకని ప్రపంచంలో బోలెడన్ని రకాల్లో దాన్నే పెట్టారు. 1998లో ఉగాండాలో ఆ జన్యువు ఉన్న మొక్కల మీద కూడా తుప్పు కనపడింది. ఆ తుప్పు జాతికే యూజీ99 అని పేరు. అక్కణ్ణుంచి కెన్యా, ఇథియోపియా, సూడాన్, యెమెన్, 2007కల్లా ఇరాన్. తొంభై దాటిన బోర్లాగ్ గారు 2005లో మళ్లీ బయటికొచ్చి ప్రపంచాన్ని హెచ్చరించింది దీని గురించే. అప్పటి నుంచి కెన్యాలోని న్జోరోలో ఎన్నో దేశాల లైన్లని తెచ్చి కావాలని ఈ తెగులు మధ్య వేసి చూస్తున్నారు, ఎక్కువ భాగం మాడిపోతాయి, మిగిలినవే ముందుకెళ్తాయి. పరీక్ష అంటే అదీ, మొక్కని కాపాడుతూ చూడడం కాదు, తెగులు ఎక్కడుందో అక్కడికే తీసుకెళ్లి నిలబెట్టడం.

అలా చూసినా సరిపోలేదు ఒక్కోసారి. ఇథియోపియాలో డిగలు అనే రకం ఉండేది, 2010లో పసుపు తుప్పు చేలని ఊడ్చేసినప్పుడు అది నిలబడింది, యూజీ99ని కూడా తట్టుకుంది, దాంతో రైతులు దాని వెనకే పరిగెత్తారు. 2013లో కాండం తుప్పులోనే ఇంకో జాతి వచ్చింది, యూజీ99 కుటుంబం కాదు అది, డిగలు దానికి అడ్డంగా లొంగిపోయింది, అందరి చేలల్లో అదే రకం ఉండేసరికి నష్టం చాలా ఎక్కువైంది. కాబట్టి "తుప్పు తెగులుని తట్టుకునే రకం" అని ఒక్క ముక్కలో రాయకండి దయచేసి. ఏ తుప్పు, ఏ జాతి, ఎన్ని జన్యువుల మీద ఆధారపడింది అని అడగండి. ఒక్క పెద్ద జన్యువు మీద నిలబడ్డ రకానికీ, చిన్న చిన్న జన్యువులు నాలుగైదు కలిసి తెగులుని నెమ్మదింపజేసే రకానికీ చాలా తేడా ఉంది, రెండోది ప్లాట్‌లో అంత శుభ్రంగా కనపడదు, ఆకుల మీద కొంచెం మచ్చలు ఉంటాయి, కానీ ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది.

మరి అవసరం పడినప్పుడు కూడా ఇలాగే కూర్చోవాలా అంటారేమో. 2016లో బంగ్లాదేశ్ చూడండి. వరికి అగ్గి తెగులు అంటాం కదా, దాని దగ్గరి చుట్టం గోధుమకి వస్తుంది, 1985లో బ్రెజిల్‌లో మొదట కనపడి అప్పటిదాకా దక్షిణ అమెరికా దాటి పెద్దగా రాలేదు, 2016లో ఒక్కసారిగా బంగ్లాదేశ్‌లో దాదాపు 15,000 హెక్టార్ల మీద పడింది, వెన్నులు తెల్లగా అయిపోయి లోపల గింజ లేదు. మరుసటి ఏడాదే, 2017లో, దాన్ని తట్టుకునే బారి గోమ్ 33 రిలీజ్ చేశారు, జింక్ కూడా ఎక్కువ ఉన్న రకం. అంత త్వరగా ఎలా అంటే తెగులొచ్చాక క్రాస్ మొదలెట్టలేదు, ఆ లైన్ అప్పటికే ట్రయల్స్‌లో ఉంది, దిగుబడి ఏంటో ఎదుగుదల ఏంటో తెలుసు, అగ్గి తెగులు పాతుకుపోయి ఉన్న బొలీవియాలోనూ, అమెరికా ల్యాబ్‌లోనూ పెట్టి చూశారు. ముందు నుంచీ పరీక్ష జరుగుతూ ఉంది కాబట్టే ఆపద వచ్చేసరికి చేతిలో రకం ఉంది.

క్వాలిటీ గురించి రెండు మాటలే రాస్తాను. గోధుమ అన్నీ ఒకటి కాదు, పొంగే బ్రెడ్‌కి గట్టి గింజ, బలమైన గ్లూటెన్ కావాలి, బిస్కెట్‌కి మెత్తని గింజ, తక్కువ ప్రోటీన్ కావాలి, పాస్తాకి అసలు జాతే వేరు, డ్యూరమ్. దిగుబడి పెరిగే కొద్దీ ప్రోటీన్ శాతం తగ్గడం మామూలుగా జరిగేదే, కాబట్టి దిగుబడి ఒక్కటే రాసి ప్రోటీన్ రాయకపోతే సగం వార్తే.

ఇక రిలీజ్ తర్వాత సంగతి, ఇక్కడ మీరు గట్టిగా రాయండి, ఎవరూ రాయట్లేదు. గోధుమ విత్తనం పెరగడానికి ప్లాన్ వేసేటప్పుడు ఒకటికి ఇరవై అని లెక్కేసుకుంటారు. ఒక కిలో బ్రీడర్ విత్తనం, అంటే బ్రీడర్ చేతి నుంచి వచ్చే మొదటి విత్తనం, ఉంటే ఒక సీజన్‌కి 20 కిలోలు, తర్వాత 400, తర్వాత 8,000, నాలుగో సీజన్‌కి 1,60,000 కిలోలు. హెక్టారుకి 100 కిలోలు చల్లితే 1,600 హెక్టార్లకి, అంతే. మొదలు ఒక కిలో కాకుండా వంద కిలోలుంటే రెండు సీజన్లకే 40,000 కిలోలు, 400 హెక్టార్లు. అంటే చివరి ఏడాది పరీక్షలో ఉన్నప్పుడే బాగున్న లైన్లని కొంచెం రిస్క్ చేసి పెంచుతూ ఉంటే, ఫెయిలైతే ఆ గింజ మిల్లుకి పోతుంది, పాసైతే రైతుకి కనీసం ఒక ఏడాది కలిసొస్తుంది. పరీక్ష ఒక్క రోజు కూడా తగ్గలేదు చూడండి. నేను పనిచేసినన్నాళ్లూ చూసిన అసలు ఆలస్యం ఇక్కడే, మంచి రకాలు కాగితం మీద రిలీజై విత్తనం లేక మూలనపడేవి, రైతులు పదిహేనేళ్ల నాటి రకాన్నే వేసుకుంటూ ఉండేవాళ్లు, ఈలోగా తెగులు దాన్ని మింగేసేది.

మీరు ఇంకోసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు చెక్ రకం పేరు, దానికీ దీనికీ తేడా, ఎన్ని చోట్ల ఎన్ని సీజన్లు, అన్నిటికంటే తక్కువ వచ్చిన చోట ఎంత వచ్చింది అన్నది కూడా వేయండి, ఆ చివరిది అడిగితే చెప్పడానికి కొంచెం నసుగుతారు, అయినా అడగండి. వీలైతే మీ రిపోర్టర్‌ని ట్రయల్ ప్లాట్లకి పంపండి, అందర్నీ పిలిచి ప్లాట్లు చూపించే ఫీల్డ్ డే నాడు కాకుండా పూత టైమ్‌లో ఒకసారి, గాలివాన పడ్డ మర్నాడు పొద్దున్నే ఒకసారి. ఆ పొద్దున అక్కడ పడిపోయిన ప్లాట్లు లెక్కపెడుతూ పుస్తకంలో రాసుకుంటున్న మనిషి ఎవరో ఒకరు కచ్చితంగా ఉంటారు, ఆ మనిషితో మాట్లాడమనండి.

ఇట్లు
గోధుమ ట్రయల్ ప్లాట్లలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు